కొండనాలుకకు మందు

పోయినవారం యీ పేజీలో సామెతల గురించి రాశాను గదా. దానికి వచ్చిన వుత్తరాల్లో వొక పాఠకుడు చిత్రమైన ప్రశ్న వేశారు. "మాస్టారూ! కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడిందంటారు. వున్న నాలుక వూడేటంత మందు లోకంలో నిజంగా వుంటుందాండీ? లేక మనవాళ్ళు మాటవరసకు అన్నారా?" అని.

వుంటుందండీ. మాటవరసకు కాదు. నేను పోయిన సంవత్సరం కళ్ళారా చూశాను.

మా అక్కయ్యను ఇచ్చింది భీమవరం. అరవైయేళ్ళు దాటిన మనిషి. యింటిల్లిపాదికీ వండిపెట్టి, చివరికి మిగిలింది తను తిని, యెవరికీ యే నలతా చెప్పకుండా బతికిన తరం. రొమ్ములో కాయ తగిలితే అదీ ఆరు నెలలు చెప్పలేదు. చెప్పేసరికి కేన్సరన్నారు. ఆపరేషను అయింది. ఆ తరవాత మూడు వారాలకొకసారి సెలైను సీసాలో మందులు ఎక్కించారు. మూడు మందులు కలిపి, మొత్తం ఆరు విడతలు. కాలేజీ సెలవలన్నీ కలుపుకుని నేను వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చునేవాణ్ణి.

మొదటి విడత అయిన వారానికి నోరు పూసింది. నాలిక మీద, బుగ్గల లోపల, పెదవుల వెనక పుళ్ళు. మజ్జిగ తాగితే మంట, మంచినీళ్ళు తాగితే మంట. అంతటితో ఆగలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు యెనిమిదిసార్లు, పదిసార్లు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. నాలుగోనాడు జ్వరం వచ్చింది. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని ఆస్పత్రికి పరిగెత్తాం.

అక్కడి డాక్టరుగారు చిన్నవాడు. ఓపికమంతుడు. "కేన్సరుకు మందిస్తే కడుపెందుకు పాడయిందండీ?" అని అడిగితే విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు.

మన చిన్నపేగు లోపలి గోడ నున్నగా వుండదట. మఖమలు గుడ్డలాగా సన్నని నూగు వుంటుందట. వాటిని చూషకాలంటారు. తిన్నదంతా రక్తంలో కలిసేది వాటిద్వారానే. ఆ నూగు అడుగున చిన్న చిన్న గుంటలు. ఆ గుంటల్లో కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి పాకి, నాలుగైదు రోజుల్లో కొసకు చేరి రాలిపోతాయి. అంటే పేగు గోడ లోపలిపొర వారం తిరక్కుండానే కొత్తదవుతూ వుంటుందన్నమాట. మన వొంట్లో యింత తొందరగా మారే భాగాలు బహుకొద్ది. నోటిలోపలి పొర వొకటి, వెంట్రుకల కుదుళ్ళు వొకటి, యెముకల్లోని మూలుగ వొకటి.

"కేన్సరు కణం లక్షణమూ అదే గదండీ, తొందరగా పెరగటం" అన్నారాయన. "మందుకు మంచీ చెడ్డా తెలీదు. తొందర వొక్కటే తెలుసు. యెవడు తొందరగా పెరుగుతుంటే వాడిమీద పడుతుంది. అందుకే జుట్టూ పోతుంది, నోరూ పూస్తుంది, పేగూ వొరుసుకుపోతుంది, రక్తంలో తెల్లకణాలూ తగ్గుతాయి."

సామెత నిజమైందా, లేదా?

అయితే అసలు ప్రమాదం విరేచనాలు కావట. మన వొంట్లో రోగాల మీద కాపలా కాసే సైన్యంలో పెద్దభాగం పేగు గోడల్లోనే మకాం వేసుకుని వుంటుంది. చిన్నపేగు గోడలో అక్కడక్కడ గుంపులు కట్టిన ఠాణాలున్నాయి. స్విట్జర్లాండులో పేయర్ అనే వైద్యుడు 1677లోనే వాటిని వర్ణించాడు. యిప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. వీటికి తోడు గుంటల అడుగున క్రిముల్ని చంపే పదార్థాలు వూరించే కణాలు వేరే వున్నాయి. గోడమీద పలచని జిగురుపొర, ఆ జిగురులో ప్రతిరక్షకాలు. వీటన్నిటికీ అవతల, పేగు నడిమధ్య, కోటానుకోట్ల సూక్ష్మజీవులు. గోడ గట్టిగా వున్నంతకాలం అవి మనకు చుట్టాలే. అరుగుదలకు సాయం కూడా చేస్తాయి. గోడ వొరుసుకుపోయి, కాపలావాళ్ళు పడిపోయిననాడు అవే చుట్టాలు లోపలికి జొరబడి రక్తంలో కలుస్తాయి. మా అక్కయ్యకు జ్వరం అందుకే వచ్చింది.

"మందు ఎక్కించుకుంటున్న మనిషికి వంద డిగ్రీలు దాటి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదండీ. మీరు రాత్రే తేవటం మంచిపని చేశారు" అన్నారు డాక్టరుగారు. యీ వాక్యం మటుకు పాఠకులు గుర్తుంచుకోవాలి. యీ వారం నా పేజీలో యింకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు.

ఆ మూడు మందుల పేర్లూ నేను చీటీమీద రాయించుకున్నాను. అందులో వొకటి మెథోట్రెక్సేట్. ఆ పేరు వినగానే నాకు వొళ్ళు జల్లుమంది. యెందుకంటారా? ఆ మందు వెనక వున్న మనిషిది మా అక్కయ్య వూరే!

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన తోబుట్టువులిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు. పోయింది స్ప్రూ అనే పేగుజబ్బుతో. మన వైద్యులు గ్రహణి అనే జాతి జబ్బు. తిన్నది వొంటపట్టదు, మనిషి శుష్కించిపోతాడు. ఆయనకూ అదే జబ్బు చేసింది గాని బతికి బయటపడ్డారు. 1923లో అమెరికా వెళ్ళారు. తరవాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గ్రహణి రోగులకు పనికివచ్చిన పదార్థమది. తోబుట్టువుల్ని తీసుకుపోయిన జబ్బుమీద పగ తీర్చుకున్నాడనుకోండి!

అక్కడితో ఆగలేదు. కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానికి నకలు తయారుచేసి ఇస్తే? కణం అసలుదే అనుకుని పుచ్చుకుంటుంది, పెరగలేక పోతుంది. మారీచుడు బంగారులేడి వేషం కట్టినట్టే. ఆ నకళ్ళలో వొకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకేన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టటం చూసి, 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఆ నకలుకు తోబుట్టువే మెథోట్రెక్సేట్. పేగుజబ్బుకు తోబుట్టువుల్ని పోగొట్టుకున్నవాడు ఇచ్చిన మందు యెందరి ప్రాణాలో నిలబెట్టింది. నిలబెడుతూ నిలబెడుతూ పేగును గీరిపెట్టింది. విధి అంటే యిదే కాబోలు.

యిహ అసలు కథకు వస్తాను. అది కొంచెం సిగ్గుపడవలసిన కథ.

మా మేనల్లుడు చైనాలో వైద్యం చదువుతున్నాడు. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు, మీకు తెలుసు. తల్లికి యిలా వుందని తెలిసి సెలవల్లో వచ్చాడు. వస్తూ ఆరు సీసాల మందు తెచ్చాడు. లేత గోధుమరంగు నీళ్ళమందు. అట్టపెట్టెలమీదంతా చైనా అక్షరాలు. కాంగ్‌ఫుషిన్ అని దానిపేరట. అక్కడ కడుపులో పుళ్ళకూ, కాలిన గాయాలకూ డాక్టర్లు రాసే మందేనట. పూటకు పది మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు తాగాలి.

"మావయ్యా, యిది అమ్మచేత యెలాగైనా తాగించాలి. కీమో వల్ల పాడయిన పేగుకు పనిచేస్తుందని మా ప్రొఫెసర్లు చెబుతున్నారు. కాని దేంతో చేశారో అమ్మకు చెప్పకు."

"దేంతో చేశారురా?"

వాడు అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పాడు. బొద్దింకతో!

నేను నవ్వాననుకోకండి. నవ్వలేదు. మా అక్కయ్య వుల్లిపాయ కూడా కార్తీకమాసంలో ముట్టదు. వంటింట్లో బొద్దింక కనిపిస్తే గిన్నెలన్నీ తిరిగి తోమిస్తుంది. ఆవిడ గొంతులో బొద్దింక కషాయం!

వాడు చెప్పింది తరవాత నేనూ విచారించాను. అబద్ధం కాదు. చైనావాళ్ళ ప్రాచీన ఔషధగ్రంథాల్లోనే బొద్దింక పేరుంది. యునాన్ రాష్ట్రంలో పరిశోధకులు అమెరికన్ బొద్దింక అనే జాతిని, అంటే మన ఇళ్ళల్లోనూ తిరిగే యెర్రగోధుమరంగు పెద్ద బొద్దింకనే, సారాయి సత్తులో నానబెట్టి సారం తీసి యీ మందు తయారుచేశారు. సిచువాన్ రాష్ట్రంలో షిచాంగ్ పట్నంలో వొక మందుల కంపెనీ బొద్దింకల్ని గొడ్లచావిడిలాగా పెంచుతోందనీ, యేడాదికి 600 కోట్ల బొద్దింకలు అక్కడ పెరుగుతున్నాయనీ 2018లో పత్రికలు రాశాయి. చావిడంటే మామూలుది కాదు; తేమ, వేడి, మేత అన్నీ యంత్రాలే చూసుకుంటాయట. మనం చీపురు పుచ్చుకుని తరిమేదాన్ని వాళ్ళు తిండిపెట్టి మేపుతున్నారు!

మరి పురుగులో మందేమిటంటారా? మనం పురుగుల సొత్తు వాడుకోవటం కొత్తా? తేనె యెవరిది? లక్క యెవరిది? పట్టు యెవరిది? అదీగాక మురికిలో బతికే పురుగుకు తన రక్షణ తనకు వుండి తీరాలి. మనకున్నట్టు ప్రతిరక్షకాలు పురుగులకు లేవు. అయినా బతుకుతున్నాయే! స్వీడన్‌లో హాన్స్ బోమన్ అనే శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ పట్టుపురుగుకు దూరపు చుట్టమైన వొక పెద్ద చిలకపురుగు గూడుదశలో వుండగా దాని నెత్తుట్లో క్రిముల్ని చంపే చిన్నచిన్న మాంసకృత్తులున్నాయని కనిపెట్టి, 1981లో వాటి అమరికను ప్రకటించారు. మన పేగు గుంటల అడుగున వూరే క్రిమిసంహారకాలు కూడా ఆ తరహావే. అంటే పురుగూ మనమూ గోడ కాపాడుకునే విద్యలో కొంతవరకు వొకే బడిలో చదువుకున్నామన్నమాట.

బొద్దింక సారంలో వున్నవి యివి మాత్రమే కావు. చక్కెరజాతి పదార్థాలు, అమైనో ఆమ్లాలు, చిన్న మాంసకృత్తులు అన్నీ కలగలిసి వుంటాయి. కీమో మందులిచ్చిన యెలుకలకు యీ సారం పడితే పేగు నూగు అంతగా కురచపడలేదనీ, విరేచనాలు తగ్గాయనీ చైనా పరిశోధకులు రాశారు. ముక్కు వెనక గొంతుభాగంలో కేన్సరు వచ్చిన 200 మందికి పైగా రోగులమీద నోటిపూతకు యీ మందు పరీక్షించి, మామూలు పుక్కిలింతమందు కంటే మేలుగా వుందని 2016లో ప్రకటించారు.

యిదంతా విని నేను వొప్పుకున్నాను. చదువుకున్నవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి, వొప్పుకున్నాను! రెండో విడత రెండు రోజులుందనగా స్టీలుగ్లాసులో మందు కొలిచిపోసి అక్కయ్య దగ్గరకు పట్టుకెళ్ళాను.

"ఏమిట్రా అది?"

"టానిక్కక్కయ్యా."

"నీ మొహం చూస్తే టానిక్కులా లేదే" అంది. అని కూడా చెయ్యి చాచింది. నేనిచ్చింది కనక తాగుతుంది. చిన్నప్పుడు నాకు ఆముదం పట్టించినప్పుడు ఆవిడ యేనాడూ పాయసమని చెప్పలేదు. "ఆముదంరా, చేదుగానే వుంటుంది, తాగు" అని చెప్పి తాగించేది. అది గుర్తుకొచ్చింది. చెయ్యి ఆగిపోయింది.

"వుండు, డాక్టరుగారినో మాట అడిగొస్తాను" అని గ్లాసు వెనక్కు తీసుకుపోయాను.

డాక్టరుగారు నవ్వలేదు, ఛీ అనలేదు. సీసా తిప్పితిప్పి చూశారు. నాలుగు మాటలు చెప్పారు.

"మొదటిది. నోటిపుళ్ళ సంగతిలో మనుషులమీద పరీక్ష జరిగింది, నిజమే. పేగు రోగనిరోధకశక్తి సంగతిలో చూపిస్తున్నవి చాలావరకు యెలుకల ఫలితాలు. యెలుకకు తగ్గిందంటే ఆశ పెట్టుకోవచ్చు గాని సీసా యెత్తకూడదు. రెండోది. పుండు మానటమంటే కణాలు పెరగటమే గదండీ. పెరగమని మనం చెప్పిన మాట పేగు వొక్కటే వింటుందా, కేన్సరు కణం కూడా వింటుందా అన్నది తేలాలి. మూడోది. పేగుగోడ సంగతి మనం అనుకున్నంత తేలిక కాదు. మీ అక్కగారికిచ్చే మూడింటిలో సైక్లోఫాస్ఫమైడ్ వొకటి. ఆ మందు పేగులోని కొన్ని సూక్ష్మజీవుల్ని గోడ దాటిస్తుందనీ, ఆ జీవులు సైన్యాన్ని రెచ్చగొట్టి కేన్సరుమీదికి వురికిస్తాయనీ ఫ్రెంచి పరిశోధకులు 2013లో యెలుకల్లో చూపించారు. సూక్ష్మజీవుల్ని చంపేస్తే మందు పదునే తగ్గింది. అంచేత గోడ యెక్కడ మూయాలి, యెంత మూయాలి అన్నది పెద్ద లెక్క."

"నాలుగోదండీ?"

"మీ అక్కగారికి వుబ్బసం వుందని కేసుకాగితంలో రాసివుంది. బొద్దింక వుబ్బసాన్ని రేపే వస్తువుల్లో పేరుమోసింది. యిళ్ళల్లో దాని పొట్టు, పెంట గాలిలో కలిసి యెంతమందికి ఆయాసం తెస్తుందో! ఆ సారం యీవిడకు పడుతుందో పడదో, తెల్లకణాలు తగ్గివున్నప్పుడు మీరు ప్రయోగం చేస్తారా?"

నాకు నోట మాట రాలేదు. వుబ్బసం సంగతి నాకు తెలియకనా? తెలుసు. యాభైయేళ్ళనుంచీ తెలుసు. పురుగుమందు మోజులో తోచలేదు.

చివరికి ఆయన మరో మాటన్నారు. "పురుగుమందని నేను కొట్టిపారెయ్యటం లేదు. రేపు దీంట్లో పనికొచ్చే భాగాన్ని వేరుచేసి, కొలతకట్టి, మనుషులమీద పరీక్షించి తెస్తే నేనే రాస్తాను. పురుగుల్లో ప్రాణం తీసే సరుకూ వుంది. వొళ్ళు పొక్కించే పురుగొకటుంది. దాని విషాన్ని కూడా కేన్సరుకు వాడారు, మూత్రపిండాలు పాడు చేసుకున్నారు. పురుగు మంచిదా చెడ్డదా అన్నది కాదండీ ప్రశ్న. కొలత యెంత, యెవరికి, యెప్పుడు అన్నదే. యింకో సంగతి. రోగికి చెప్పకుండా యేదీ పట్టించకండి. రేపు దద్దుర్లొస్తే దేనివల్ల వచ్చాయో నాకు చెప్పవలసింది ఆవిడే."

రెండో విడతకు ఆయన వేరే యేర్పాట్లు చేశారు. మందుల్లో ఫ్లూరోయూరాసిల్ ఎక్కించటానికి అయిదు నిమిషాల ముందునుంచి అరగంటసేపు నోట్లో ఐసుముక్కలు చప్పరించమన్నారు. చల్లదనానికి నోటిలోని రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువ చేరుతుందట. విరేచనాలు మొదలవగానే ఆపే మాత్ర యిచ్చారు. ఉప్పూ పంచదారా కలిపిన పొడి నీళ్ళు తాగించమన్నారు. కాచి చల్లార్చిన నీళ్ళు, వేడివేడి అన్నం, పచ్చివి కూడదు. మందుల మోతాదు కొంచెం సర్దారు. పుళ్ళు వచ్చాయి గాని మజ్జిగన్నం తినగలిగింది. చైనా సీసా ముందు ఐసుముక్క యెంత చిన్న వైద్యం! అయినా అది పరీక్షకు నిలిచిన వైద్యం.

ఆ సాయంత్రం అక్కయ్యకు అంతా చెప్పేశాను. టానిక్కు కాదని, బొద్దింక సారమని, కొడుకు చెప్పవద్దన్నాడని, నేను వొప్పుకున్నానని. మా బావగారు "నీకు బుద్ధుండక్కర్లేదుటోయ్" అని నామీద లేచారు. మేనల్లుడు తలుపు చాటున నిలబడ్డాడు.

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "ప్రాణం నిలుస్తుందంటే బొద్దింకేమిట్రా, బల్లినైనా తాగుతాను. ఆ పట్టింపులు వొంట్లో వోపికున్నప్పుడు. కాని తమ్ముడూ, రొమ్ము కోశారు, జుట్టు పోయింది, నోట్లో రుచి పోయింది. నాదంటూ మిగిలింది, వద్దో కావాలో చెప్పుకునే మాటొక్కటే. అదికూడా మీరే తీసేసుకుంటే యెట్లా?"

నేను యిరవైయేళ్ళుగా క్లాసుల్లో మాట విలువ గురించి పాఠాలు చెబుతున్నాను. నాకెవరూ అలా పాఠం చెప్పలేదు.

కొడుకును దగ్గరకు పిలిచి తల నిమిరింది. "నామీద ప్రేమతోనే తెచ్చావురా. చదువయ్యాక ఆ మందేమిటో నువ్వే తేల్చు. తేల్చి, ఫలానాదని చెప్పి నా చేతికియ్యి. అప్పుడు తాగుతాను" అంది. వాడు చిన్నపిల్లాడిలా యేడ్చాడు.

ఆరు విడతలూ అయ్యాయి. మధ్యలో వొకసారి తెల్లకణాలు పడిపోయి వారం ఆగవలసివచ్చింది. యిప్పుడు జుట్టు మళ్ళీ మొలుస్తోంది, కాస్త వుంగరాలు తిరిగి. మూడు నెలలకొకసారి పరీక్షకు వెళుతోంది. మిరపకాయ బజ్జీ తినగలిగిననాడు నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

అంచేత, సామెత అడిగిన పాఠకమిత్రమా! కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుకకు దెబ్బ తగలటం నిజం. అలాగని ఆ మందు మానితే రెండు నాలుకలూ దక్కవు. అందుకనే వున్న నాలుకను కాపాడే వుపాయంకోసం మనుషులు యెక్కడెక్కడో వెతుకుతున్నారు. బొద్దింకను కూడా వదలలేదు. వెతకనివ్వండి. దొరికితే అందరికీ మంచిదే. యీలోగా మీ యింట్లో యెవరికైనా యీ అవస్థ వస్తే, యెవరు ప్రేమతో యే సీసా తెచ్చినా, ముందు డాక్టరుకు చూపించండి. అంతకంటే ముందు, తాగవలసిన మనిషికి అదేమిటో చెప్పండి.

ఆ ఆరు సీసాలూ మా అక్కయ్యగారి బీరువా పై అరలో అలాగే వున్నాయి. పారెయ్యనివ్వలేదు. "నా కొడుకు తెచ్చాడు, వుండనీ" అంటుంది.